గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

మా అమ్మ ముంజేతి మీద మూడు గీతలు పడ్డాయి. పెద్దవేమీ కాదు, ఒక్కోటి అగ్గిపుల్లంత. మరొకరికైతే కడిగి, మందు రాసి మర్చిపోయేవాళ్లం. కానీ అమ్మకు 78 ఏళ్లు. గుండె లయ తప్పుతోందని రక్తం పలచబడే మాత్రలు వాడుతోంది. ఆ ఆదివారం పొద్దున మా ఇంట్లో రెండు తువ్వాళ్లు తడిశాయి. ఆస్పత్రికి వెళ్లి కట్టు కట్టించుకుని వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

నేరస్తురాలి పేరు గౌరి. వయసు నాలుగేళ్లు. వర్షంలో తడిసి, మా అపార్ట్‌మెంట్ సెల్లారులో స్కూటర్ సీటు కింద దొరికిన పిల్లికూన. అప్పటినుంచి అయిదో అంతస్తు దాటి కిందికి దిగలేదు. ఆ రోజు అది అమ్మ ఒళ్లో నిద్రపోతోంది. కింద ఎవరిదో పెళ్లి ఊరేగింపు, టపాకాయలు. ఉలిక్కిపడి దూకింది. దూకడానికి పట్టు కావాలి కదా, దొరికిన పట్టు అమ్మ చెయ్యి. మేము తువ్వాళ్ల కోసం పరుగులు తీస్తుంటే అది ఫ్రిజ్ మీద కూర్చుని, ఈ ఇంటితో తనకేమీ సంబంధం లేనట్టు కాలు నాక్కుంటోంది.

సాయంత్రం పంచాయితీ మొదలైంది. ఎవరికైనా ఇచ్చేద్దామంది మా ఆవిడ. ఆమెకు గౌరి మీద కోపం లేదు, అత్తగారి మీద భయం ఉంది. మావాడు అన్నం మానేశాడు. అప్పుడు విజయవాడ నుంచి తమ్ముడు ఫోన్‌లో తీర్పు చెప్పాడు. "అమెరికాలో పిల్లుల గోళ్లు తీయించేస్తారట అన్నయ్యా! చిన్న ఆపరేషన్. మళ్లీ మొలవవు. పిల్లీ ఉంటుంది, గోకుడూ ఉండదు."

వినడానికి ఎంత బాగుంది! పాము చావదు, కర్రా విరగదు. మర్నాడే పశువైద్యుడి దగ్గరకు వెళ్లాను.

ఆయన నా మాట మొత్తం విన్నారు. తర్వాత నా చూపుడువేలు పట్టుకుని చివరి గణుపు దగ్గర తన పెన్నుతో ఒక గీత గీశారు. "ఇక్కడ నరికితే మీకూ గోరు మళ్లీ రాదు. అదే ఆ ఆపరేషన్. ఇలాంటివి పది వేళ్లకు చెయ్యాలి. నేను చెయ్యను సార్."

గోళ్లు తీయడమంటే గోళ్లు తీయడమేననుకున్నాను. చాలామంది అలాగే అనుకుంటారు. మన గోరు చర్మం నుంచి పెరుగుతుంది. పిల్లి గోరు వేలి చివరి ఎముక నుంచే పెరుగుతుంది. ఎముక ఉన్నంతకాలం గోరు వస్తూనే ఉంటుంది. రాకుండా చెయ్యాలంటే ఆ చివరి ఎముకను కీలు దగ్గర కోసి తీసెయ్యాలి. కత్తితో చేసినా, కత్తెర లాంటి పరికరంతో చేసినా, లేజర్‌తో చేసినా పోయేది అదే ఎముక. పిల్లికి ముందుకాళ్లకు అయిదేసి, వెనుక కాళ్లకు నాలుగేసి చొప్పున మొత్తం 18 గోళ్లు. సాధారణంగా ముందుకాళ్ల పదీ తీస్తారు. ఇంకో సంగతి. పిల్లి మనలా పాదం మొత్తం ఆనించి నడవదు, వేళ్ల మీద నడుస్తుంది. అంటే ఏ వేళ్ల మీద అది నిలబడుతుందో వాటి చివరలే తెగుతాయి. ఇంగ్లీషులో దీన్ని 'డీక్లాయింగ్' అంటారు. మాట వింటే సైకిల్‌కు బెల్లు విప్పినంత తేలిగ్గా ఉంటుంది. 'పది వేళ్ల చివరలు నరకడం' అని పేరు పెట్టి ఉంటే ఎంతమంది చేయించేవారో!

అమెరికావాళ్లకు ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. ఆ కథ గోరుతో మొదలు కాలేదు, మట్టితో మొదలైంది. 1947లో మిషిగన్ రాష్ట్రంలో ఎడ్ లో అనే వ్యాపారి, ఫ్యాక్టరీల్లో నూనె మరకలు పీల్చడానికి వాడే మట్టి గుళికలను పిల్లుల మలమూత్రాలకు వాడొచ్చని కనిపెట్టాడు. అంతకుముందు బూడిదో ఇసుకో వాడేవారు, లేదా పిల్లిని బయటికి వదిలేవారు. ఈ 'లిట్టర్' వచ్చాక పిల్లి గడప దాటాల్సిన పని లేకపోయింది. రాత్రీ పగలూ ఇంట్లోనే ఉండటం మొదలుపెట్టింది. ఇంట్లో చెట్టు లేదు. సోఫా ఉంది. 1950లు వచ్చేసరికి పశువైద్య పత్రికల్లో ఈ ఆపరేషన్ ప్రస్తావన కనిపిస్తుంది. తర్వాత అది ఎంత మామూలైపోయిందంటే, ఆడ పిల్లికూనకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో పాటు ఇదీ ఒకే బిల్లులో అయిపోయేది. 2001లో అక్కడి పశువైద్య పత్రికలో వచ్చిన ఒక అంచనా ప్రకారం అమెరికా ఇళ్లలోని పిల్లుల్లో దాదాపు నాలుగో వంతు గోళ్లు లేనివే.

ఇంటి ఓనర్లూ తమ వంతు సాయం చేశారు. పిల్లి ఉంటే గోళ్లు తీయించినట్టు కాగితం చూపించాలని అద్దె ఒప్పందాల్లో రాయించుకునేవారు. కాలిఫోర్నియా ఈ షరతును చట్టం చేసి రద్దు చేయాల్సి వచ్చింది. 2013 జనవరి నుంచి అక్కడ ఓనరు అలా అడగకూడదు.

వర్జీనియాలో ఉండే మా అక్క కూతురికి ఈ చరిత్ర పుస్తకాల్లో తెలిసింది కాదు. మూడేళ్ల క్రితం ఆమె ఒక సంరక్షణ కేంద్రం నుంచి తొమ్మిదేళ్ల పిల్లిని తెచ్చుకుంది. పాత యజమాని ఎవరో చిన్నప్పుడే గోళ్లు తీయించారు. ఆమెకు మొదట సంతోషమే కలిగిందట, కొత్త సోఫాకు దిగుల్లేదని. గౌరి సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే ఆమె అన్న మొదటి మాట ఇది: "మామయ్యా, మాది గోకదు. కరుస్తుంది."

ఆ పిల్లి ఎత్తుకుంటే కరుస్తుంది. కాలు ముట్టుకుంటే కరుస్తుంది. లిట్టర్ ట్రేలోకి అడుగుపెట్టి, రెండు క్షణాలు నిలబడి, బయటికి వచ్చి తివాచీ మీద కానిచ్చేస్తుంది. అద్దె ఇల్లు, తివాచీ ఓనరుది. ఆమె మొదట పొగరనుకుంది. డాక్టరు ఎక్స్‌రే తీయిస్తే రెండు వేళ్లలో ఎముక ముక్కలు మిగిలిపోయి కనిపించాయి. తొమ్మిదేళ్లుగా ఆ పిల్లి చెప్పులో రాయి పెట్టుకుని నడుస్తున్నట్టు నడుస్తోంది. గరుకు గుళికల మీద నిలబడటం దానికి నరకం, మెత్తటి తివాచీ సుఖం. ఇప్పుడు దానికి నొప్పి మందు వాడుతున్నారు, ట్రేలో గుళికల బదులు చించిన కాగితం పరుస్తున్నారు. కొంత మారింది. మొత్తం మారలేదు.

ఇది ఒక పిల్లి కథేనని కొట్టిపారేయడానికి లేదు. 2017లో పిల్లుల వైద్యానికి సంబంధించిన ఒక అంతర్జాతీయ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. గోళ్లు తీసిన పిల్లులు 137, గోళ్లున్నవి 137 తీసుకుని పోల్చారు. తీసినవాటిలో ట్రే బయట మలమూత్రాలు చేసే అవకాశం ఏడు రెట్లు ఎక్కువ. కరిచే అవకాశం నాలుగున్నర రెట్లు. వెన్నునొప్పి దాదాపు మూడు రెట్లు. ఎక్స్‌రేల్లో తేలిందేమిటంటే, గోళ్లు తీసినవాటిలో 63 శాతం పిల్లులకు ఎముక ముక్కలు లోపలే మిగిలి ఉన్నాయి.

ఇక్కడ నేను అమ్మ గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. న్యూయార్క్ రాష్ట్రంలో నిషేధం బిల్లు వచ్చినప్పుడు అక్కడి పశువైద్యుల సంఘం దాన్ని వ్యతిరేకించింది. వాళ్ల వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు, రక్తం త్వరగా గడ్డకట్టనివాళ్లు ఉన్న ఇళ్లలో గోళ్లు తీయడమో, పిల్లిని వదిలేయడమో తప్ప దారి లేకపోతే ఏం చేయాలన్నారు. అచ్చంగా మా ఇల్లు! మా తమ్ముడు అమాయకంగా అడిగిందే వాళ్లు శాస్త్రీయంగా అడిగారు.

కానీ లెక్క వేసి చూడండి. పిల్లి గోరు గీరితే గాయం పైపైన ఉంటుంది, కనిపిస్తుంది, కడగొచ్చు. పిల్లి పన్ను సూదిలా లోపలికి దిగి, అక్కడ సూక్ష్మక్రిములను వదిలి బయటికి వస్తుంది. పైన చిన్న చుక్క కనిపిస్తుంది, లోపల చీము పడుతుంది. ముసలివాళ్లకు గీరు కన్నా కాటే ప్రమాదం. గోళ్లు పోయిన పిల్లికి మిగిలేది పళ్లే. అంటే అమ్మ రక్షణ కోసం నేను చేయించబోయిన పని ఆమెకు ఇంకా పెద్ద ముప్పు తెచ్చిపెట్టి ఉండేదన్నమాట. ఎయిడ్స్ రోగుల కోసం అమెరికాలో తయారైన వైద్య మార్గదర్శకాలు కూడా పిల్లి గోళ్లు తీయించమని చెప్పవు. పిల్లితో మొరటుగా ఆడొద్దంటాయి, గీరుకుంటే వెంటనే కడుక్కోమంటాయి, 'ఫ్లీ' అనే పురుగులు పట్టకుండా చూసుకోమంటాయి. గీరుడు వల్ల వచ్చే జ్వరానికి కారణమైన క్రిమిని పిల్లికి అంటించేవి ఆ పురుగులే.

న్యూయార్క్ బిల్లు 2019 జులైలో చట్టమైంది. దేశంలో మొదటి రాష్ట్రం అదే. తప్పితే వెయ్యి డాలర్ల వరకు జరిమానా. తర్వాత 2022లో మేరీలాండ్, 2024లో వర్జీనియా, 2025లో మసాచుసెట్స్ అదే దారి పట్టాయి. నగరాల్లో మొదటిది కాలిఫోర్నియాలోని వెస్ట్ హాలీవుడ్, 2003లోనే. వైద్య సంఘాలూ మెల్లగా మారాయి. అక్కడి పిల్లుల వైద్య నిపుణుల సంఘం 2017లో దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. మొత్తం పశువైద్యుల సంఘం 2020లో సొంత ఇష్టం కొద్దీ చేయించుకోవడాన్ని ప్రోత్సహించబోమంది. బ్రిటన్‌లో 2006 జంతు సంక్షేమ చట్టం కింద ఇది నేరం. యూరప్ దేశాలు 1987 నాటి ఒప్పందంలోనే వద్దనుకున్నాయి. ఇజ్రాయెల్ 2011లో నిషేధించింది. చాలా దేశాలు వద్దనుకున్న పనిని అమెరికా, కెనడాలు అంత మామూలుగా, అన్ని దశాబ్దాలు చేస్తూ వచ్చాయి.

నిషేధిస్తే జనం పిల్లులను వీధిలో వదిలేస్తారన్న భయం ఏమైంది? కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2018లో నిషేధం వచ్చింది. అక్కడి సంరక్షణ కేంద్రాల లెక్కలు ముందూ తర్వాతా పోల్చి చూస్తే పిల్లుల రాక పెరగలేదని పరిశోధకులు తేల్చారు. జనం గోళ్లతో సర్దుకున్నారు.

మన సంగతి? మన దగ్గర ఇది అలవాటు కాలేదు, అదృష్టం. కుక్కల తోకలు, చెవులు కత్తిరించే సరదా ఉంది కానీ పిల్లి గోళ్ల దాకా రాలేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పదకొండో సెక్షన్‌లో అంగచ్ఛేదం నేరాల జాబితాలో ఉంది. మొదటి తప్పుకు ఆ చట్టంలో రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఆటో మీటరు కూడా అంతకన్నా ఎక్కువే అడుగుతుంది. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు ఫ్లాట్లలో పర్షియన్ పిల్లులు పెరుగుతున్నాయి, వాటితోపాటు లక్షల రూపాయల సోఫాలూ పెరుగుతున్నాయి. మా తమ్ముడి ప్రశ్న ఇంకొందరు అడుగుతారు. నా పశువైద్యుడిలా అందరూ పెన్ను తీసి గీత గీసి చూపిస్తారన్న నమ్మకం లేదు.

సరే, గోళ్లు ఉంటాయి. వాటితో కాపురం ఎలా?

మొదట తెలుసుకోవాల్సింది పిల్లి ఎందుకు గోకుతుందన్నది. కోపంతో కాదు, మన సోఫా మీద పగతో కాదు. గోరు పొరలు పొరలుగా పెరుగుతుంది, పై పొర మొద్దుబారగానే ఊడిపోవాలి. గోకితే ఊడుతుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు మా పనమ్మాయికి వడ్ల పొట్టులా, నెలవంకలా చిన్న తొడుగులు దొరుకుతుంటాయి. 'గోళ్లు రాలిపోతున్నాయి సార్, జబ్బేమో' అని మొదట్లో భయపడింది. అవి పాత తొడుగులే. రెండోది ఒళ్లు విరుచుకోవడం. నిద్ర లేవగానే ముందుకాళ్లు ఎత్తుగా ఆనించి, గోళ్లు గుచ్చి, నడుము సాగదీస్తుంది. మూడోది సంతకం. పిల్లి వేళ్ల మధ్య వాసన గ్రంథులుంటాయి. గోకిన చోట గీతతోపాటు వాసనా మిగులుతుంది. ఈ ఇంట్లో నేనున్నాను అని రాసుకోవడం అన్నమాట. అందుకే మూలగదిలో గోకదు, హాల్లో గోకుతుంది. నలుగురూ చూసేచోట కదా సంతకం పెట్టేది!

మా తాతగారి ఊరి ఇంట్లో పిల్లి ఉండేది. దాని గోళ్ల గురించి ఎవరూ మాట్లాడిన గుర్తు లేదు. పెరట్లో చింతచెట్టు ఉంది, పశువుల పాకలో గుంజలున్నాయి, వసారాలో నులకమంచం ఉంది. కోళ్లు ఎత్తుకుపోతోందని తిట్టేవాళ్లు కానీ గోకుతోందని కాదు. మేము గౌరిని అయిదో అంతస్తుకు తెచ్చాం, కుక్కలూ కార్లూ ఉన్నాయని తలుపు మూశాం, అది సరైన పనే. కానీ చింతచెట్టును తేవడం మర్చిపోయాం.

నేను చేసిన మొదటి పని తప్పు పని. ఆన్‌లైన్‌లో ఒక గోకుడు స్తంభం తెప్పించాను. మోకాలెత్తు, పైన గులాబీ రంగు బంతి వేలాడుతోంది. గౌరి ఒకసారి కాలు ఆనించింది, స్తంభం ఊగింది, అంతే. మళ్లీ దాని దగ్గరకు వెళ్లలేదు. దానికి తన ఒళ్లు మొత్తం సాగదీసేంత ఎత్తు కావాలి, అంటే కనీసం మూడడుగులు. బరువు మొత్తం వేసినా కదలకూడదు. గులాబీ బంతి సంగతి దానికి అక్కర్లేదు. అవి తయారుచేసేవాళ్లు పిల్లికి అమ్మడం లేదు, నాకు అమ్ముతున్నారు.

రెండోసారి బజారుకు వెళ్లాను. విదేశాల్లో ఈ స్తంభాలకు చుట్టే సీసల్ మరేమీ కాదు, మన పొలం గట్ల మీద పెరిగే కిత్తనార జాతి మొక్క నుంచి తీసే నారే. ఆ తాడు దొరక్క కొబ్బరి తాడు కొన్నాను. హాలుకూ వంటింటికీ మధ్య ఒక సిమెంటు స్తంభం ఉంది, దానికి గోనెపట్టా కప్పి, నేల నుంచి నాలుగడుగుల ఎత్తు దాకా తాడు బిగించి చుట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి. మా ఆవిడ చూసి, "ఇల్లా, ఎడ్లబండా?" అంది. చూడ్డానికి అందంగా లేదన్నది నిజమే. గౌరి సాయంత్రం నిద్ర లేచి, వచ్చి, రెండు కాళ్లూ ఎత్తి గోళ్లు దించింది. ఆ చప్పుడు కొబ్బరి తురిమినట్టు ఉంటుంది.

చోటు ముఖ్యమని తర్వాత అర్థమైంది. అది సోఫాను ఎక్కడ గోకుతోందో సరిగ్గా అక్కడే ఇంకో పీచు పట్టా పెట్టాలి, అటకెక్కించకూడదు. సోఫాకు కొన్నాళ్లు మందపాటి దుప్పటి కప్పాం. చేనేత కవర్లు తీసేశాం. వదులుగా నేసిన బట్ట పోగు గోరుకు చిక్కి, పట్టు దొరికి, దానికి బాగా నచ్చుతుంది. దగ్గర దగ్గరగా నేసిన మెత్తటి బట్ట అంతగా నచ్చదు. రెగ్జిన్‌కు చిల్లులు పెడుతుంది, ఆ విషయం మా డైనింగ్ కుర్చీలు చెబుతాయి. అరవడం, చప్పట్లు కొట్టడం, నీళ్లు చల్లడం అన్నీ చేసి చూశాం. గోకడం మానలేదు, మేము చూస్తుండగా గోకడం మాత్రం మానింది. రాత్రి రెండింటికి గోకేది.

మా వాచ్‌మన్ చెప్పిన చిట్కా మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. ఖాళీ స్థలాల్లో, గోడల పక్కన కుప్పింటాకు మొక్క మొలుస్తుంది. దాన్ని వేరుతో పీకి పడేస్తే పిల్లి ఆ వేరు వాసనకు మత్తెక్కినట్టు పొర్లుతుంది. తమిళులు దాన్ని పిల్లిని మయ్‌మరపించేదన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. విదేశీ క్యాట్‌నిప్ పొట్లం కొనే పని లేదు. ఒక వేరును తాడు సందులో దోపాను. గౌరి స్తంభాన్ని కౌగిలించుకుని పావుగంట కూర్చుంది. ఆ వేరును తినిపించకూడదని మాత్రం డాక్టరు హెచ్చరించారు. వాసన చూసింది చాలు, తీసి పారేశాం.

ఇక గోళ్లు కత్తిరించడం. అసలు పని ఇదే, మిగతాదంతా సోఫా కోసం, ఇది అమ్మ కోసం. గోరు మొత్తం కాదు, చివర సూదిమొన మాత్రమే. వేలి మీదా కిందా మెల్లగా నొక్కితే గోరు బయటికి వస్తుంది. వెలుతురుకు పెట్టి చూస్తే లోపల గులాబీ రంగు భాగం కనిపిస్తుంది, అది ప్రాణమున్న గోరు, దానికి నరాలుంటాయి. దానికి ముందున్న తెల్లటి కొసను మాత్రమే తీయాలి. పొరపాటున తెగితే కార్న్‌ఫ్లోర్ అద్ది నొక్కి పట్టుకుంటే రక్తం ఆగుతుంది. పిల్లుల కట్టర్ కొనొచ్చు, మనం వాడే నెయిల్ కట్టర్‌ను పక్కకు తిప్పి పట్టుకున్నా పని జరుగుతుంది. రెండు మూడు వారాలకోసారి చేస్తే గోరు ఉంటుంది, వాడి ఉండదు. బొటనవేలి స్థానంలో ఉండే అయిదో గోరును మర్చిపోకూడదు. అది నేలకు తగలదు, అరగదు. ముసలి పిల్లుల్లో వంకర తిరిగి మెత్తలోకే గుచ్చుకుంటుంది.

మొదటి వారం గోళ్లు కత్తిరించలేదు. రోజూ నిద్రమత్తులో ఉన్నప్పుడు కాలు పట్టుకుని, నొక్కి, వదిలేశాను. రెండో వారం రోజుకో గోరు. తువ్వాలులో చుట్టి బలవంతంగా ఒక్కరోజులో పది గోళ్లూ తీద్దామని మావాడు అన్నాడు, ప్రయత్నించాడు కూడా. వాడి చేతి మీద ఇప్పటికీ ఆ గుర్తు ఉంది.

ఇంట్లో మరికొన్ని మారాయి. చేతివేళ్లతో గౌరిని ఆడించడం బంద్, కర్రకు కట్టిన తాడుతోనే ఆట. దోమల జాలీలు నైలాన్‌వి చీరేసింది, బాల్కనీకి స్టీలు జాలీ వేయించాం. అది వేయకుండా అయిదో అంతస్తులో పిల్లిని పెంచడం ఎలాగూ తప్పే. గౌరికి ఏటా రేబీస్ టీకా వేయిస్తున్నాం. అయినా పిల్లి గీరినా కరిచినా సబ్బు రాసి, పారే నీటి కింద పావుగంట కడిగి, డాక్టరుకు చూపించాల్సిందే. 'మన పిల్లే కదా' అని ఇంట్లో తేల్చేసుకునే వ్యవహారం కాదు.

అమ్మ ఒప్పుకోవడం అన్నిటికన్నా కష్టమైంది. గోళ్ల విషయంలో కాదు. ఒళ్లో మందపాటి దుప్పటి వేసుకుని, పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుంటేనే గౌరిని ఎక్కించుకోవాలని మేం పెట్టిన షరతు ఆమెకు నచ్చలేదు. "ఒరేయ్, మీ నలుగురినీ పెంచాను, గీరలేదా, కొరకలేదా? అప్పుడెవరైనా షరతులు పెట్టారా?" అంది. ఇప్పుడు దుప్పటి ఉంటుంది. జాకెట్టు సంగతి మేం చూడనట్టు నటిస్తాం. దీపావళి వారం మాత్రం గౌరి వెనక గదిలో, తలుపు మూసి. ఆ తర్వాత ఈ ఏడాదిన్నరలో అమ్మకు రెండుసార్లు గీతలు పడ్డాయి. రెండూ చర్మం మీద తెల్లటి గీతలే, రక్తం రాలేదు. సోఫా ఎడమ చెయ్యి మాత్రం పూర్తిగా పోయింది. ఆ వైపు గోడకు తిప్పి పెట్టాం.

వర్జీనియా నుంచి మేనకోడలు మొన్న ఫోటో పంపింది. ఆమె పిల్లి కొత్త తాడు స్తంభం ముందు నిలబడి, గోళ్లు లేని రెండు పాదాలూ దాని మీద పెట్టి గోకుతోంది. పద్నాలుగో పదిహేనో సార్లు అలా చేసి వెళ్లిపోతుందట, రోజూ.

మా ఇంట్లో గోళ్ల పని ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక. గౌరి అమ్మ ఒళ్లో ఉంటుంది. అమ్మ చెంచాతో పెరుగు నాకిస్తుంది, నేను కళ్లద్దాలు పెట్టుకుని కట్టర్ పట్టుకుంటాను. కుడి కాలికి అయిదు, ఎడమ కాలికి నాలుగు అయ్యేసరికి పెరుగు అయిపోతుంది, గౌరి దిగి వెళ్లిపోతుంది. పదో గోరు సోమవారానికి.